మూడో పాలెంలో ముప్పై రోజులు

1వ రోజు

సాయంత్రం ఐదింటికి బస్సు దిగాం, నేనూ మా లాస్య వదినా. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా ఇక్కడ ఎవరూ బయటికి రారట. ఎండ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు గానీ ఆ వేళ గాలిలో ఉండే తడికి మనిషి ఉడికిపోతాడని డ్రైవరు చెప్పాడు. వచ్చీ రాగానే ఫారంలో చెడు కింద రాయడానికి ఒకటి దొరికింది.

నాకు పోయిన నెల అరవై నిండాయి. అరవై నిండితే, మొత్తం ఒకే కప్పు కింద ఉండే మా కప్పునగరంలో గది ఖాళీ చెయ్యాలి. ఉంటే ఆ కప్పు కిందే, అన్నిటికంటే అడుగున ఉండే పెద్దల అంతస్తులో మంచం ఇస్తారు. లేదంటే జాబితాలో ఉన్న ఊళ్ళలో ఒకటి ఎంచుకుని ముప్పై రోజులు ఉండి చూడొచ్చు. అక్కడే ఉంటామని సంతకం పెట్టామా, నగరంలో మన మంచం ఇంకొకరికి పోతుంది. తిరిగి వెళ్ళడం ఉండదు.

లాస్య వదిన మా ఆయన తేజకి అక్క. తేజ పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ మేమిద్దరమే. వదినకి అరవై ఆరు. నా గది మీద నా మనిషిగా రాయించి ఇన్నాళ్ళూ నాతోనే ఉంచుకున్నాను. నగరం గాలికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. పెద్దల అంతస్తుకి వెళితే రెండేళ్ళని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆ మాట వదినకి నేను చెప్పలేదు.

ఆఫీసు వాళ్ళిచ్చిన ఫారంలో ఒకవైపు మంచి, ఒకవైపు చెడు. రోజుకి నాలుగు మాటలకంటే పట్టవు. అందుకే ఈ నోటుపుస్తకం.

మా క్వార్టరు తాళం ఇచ్చింది హాసిని అని ఒకావిడ. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న కరకట్టని చూసుకునే ఉద్యోగం ఆవిడది. వేడి వేడి అన్నం, నెత్తళ్ళ వేపుడు తెచ్చిపెట్టింది. సముద్రంలో ఒక గుండ్రటి నల్లటి తల చూపించి, "అది రెండో పాలెం నీళ్ళ ట్యాంకు. మా ఇల్లు దానికి ఇటుపక్క వీధిలో ఉండేది" అంది, పక్క వీధి గురించి చెప్పినట్టు.

"మొదటి పాలెం?" అన్నాను.

"అది ఇంకా లోపలికి. ఆటు వేళ కూడా కనబడదు."

వదిన అప్పటికే మెట్ల మీద కూచుని గాలికి మొహం పెట్టేసింది.

2వ రోజు

మంచినీళ్ళు ఆరు నుంచి ఏడు దాకానే. కుళాయి దగ్గర వరస. వరసలో అందరూ మమ్మల్నే చూశారు, అందరూ పలకరించారు. ఇంటికొచ్చేసరికి గడప దగ్గర మూడు గిన్నెల కూర ఉంది. ఎవరు పెట్టారో తెలియదు.

గిన్నెలు కడిగి బోర్లిస్తే గంటలో అంచుల వెంట ఉప్పు పొర. తలుపు గొళ్ళెం అప్పుడే రంగు మారింది. నిన్న రాత్రి ఆరేసిన చీర ఇంకా చెమ్మగానే ఉంది.

కట్ట ఎక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది. అప్పుడు పోటు మీదుంది సముద్రం. కట్టకి అవతల నీళ్ళు, ఇవతల రెండు వీధుల వెనక మా క్వార్టర్లు. కంటితో కొలిచాను. పోటు వేళ మా గడప కంటే సముద్రం నాలుగడుగులు ఎత్తున ఉంటుంది. ఈ సంగతి ఫారంలో రాయలేదు. రాస్తే వదిన చదువుతుంది.

3వ రోజు

వదిన వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

నగరంలో ఆవిడ ఐదేళ్ళుగా రెండు దిళ్ళకి ఆనుకుని కూచునే నిద్రపోయేది. పొద్దున కళ్ళు తెరిచి, నేను చూస్తున్నానని గమనించి, "ఏంటే, బతికే ఉన్నాను" అంది. దగ్గు కూడా రాలేదు.

మంచి కింద ఇంతకంటే ఏం రాయాలి?

5వ రోజు

ముప్పై ఒక్క ఏళ్ళు జలాశయం ఆనకట్ట లోపలి సొరంగంలో పనిచేశాను. ఆనకట్ట ఎంత గట్టిదైనా నీళ్ళు ఊరతాయి. ఆ ఊట కొలవడమే నా ఉద్యోగం. ఊరడం తప్పు కాదు. తేటగా ఊరితే కట్ట బాగున్నట్టు. ఊటలో మన్నో ఇసకో వస్తే కట్టని లోపల్నుంచి నీళ్ళు తినేస్తున్నట్టు.

ఇవాళ కట్ట కింద నడుస్తుంటే హాసిని ఇంటి వెనక ఒకచోట గడ్డి మరీ పచ్చగా కనబడింది. చుట్టుపక్కల అంతా ఎండిపోయి ఉంది. వంగి చూస్తే చిన్న నీటిబుగ్గ. పోటు వేళ నీళ్ళు సన్నగా పొంగుతున్నాయి. గ్లాసుతో పట్టి గంటసేపు కదపకుండా ఉంచాను. తేటగానే ఉంది.

సరే అనుకున్నాను. రిటైరయ్యాక కూడా ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

9వ రోజు

వదిన వలలు బాగుచేసే వాళ్ళ దగ్గరికి వెళుతోంది. ఆవిడకి కుట్టుపని వచ్చు. చిరుగులు కుట్టి పెడుతుంటే వాళ్ళు పక్కన కూచోబెట్టుకుని ఎండు రొయ్యలు ఒలవడం నేర్పుతున్నారట. సాయంత్రం వచ్చి గంటసేపు చెప్పింది. అంతసేపు ఆగకుండా మాట్లాడటం నేను ఈ మధ్యకాలంలో వినలేదు.

నేను వింటూ గ్లాసు చూస్తున్నాను. అడుగున బియ్యపు గింజ మందాన ఇసక పేరుకుంది.

"ఆ నీళ్ళు పారబొయ్యి" అంది వదిన. "ఎక్కడికెళ్ళినా నీ కొలతలు నీతోనే వస్తాయి."

పారబోశాను. మర్నాటికి ఇంకో గ్లాసు కడిగి పెట్టుకున్నాను.

12వ రోజు, పున్నమి

పున్నమి పోటు పెద్దది. తొమ్మిదిన్నరకి బుగ్గ అరచేయి అంత వెడల్పయింది. చుట్టూ ఇసక చిన్న పుట్టలా పేరుకుంటోంది. గ్లాసు అడుగున వేలి గోరంత ఇసక.

గ్లాసు పట్టుకుని పైకి లేచేసరికి హాసిని వెనకే నిలబడి ఉంది.

"నువ్వు ఏం పని చేసేదానివో నీ కాగితాల్లో చదివాను, మేఘనక్కా" అంది. "మొదటి రోజే ఇక్కడికి వస్తావనుకున్నాను."

"ఎప్పట్నుంచి ఉందిది?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలా? తీరం శాఖకి చెప్పలేదా?"

ఆవిడ నన్ను గట్టు మీద కూచోమంది. తనూ కూచుంది. "రెండో పాలెంలో మా నాన్న ఇదే పని చేసేవాడు. ఇలాంటి ఊటే పడితే రాసి పంపాడు. వాళ్ళొచ్చారు, కొలిచారు. వదిలెయ్యాల్సిన ఊరు అని ముద్ర కొట్టి వెళ్ళిపోయారు. మరమ్మతు లేదు, నీళ్ళు లేవు, బస్సు లేదు. ఏడాది తిరక్కుండా ఊరు చచ్చింది. సముద్రం వచ్చింది ఆ తర్వాత. నేను రాసి మూడో పాలేన్ని చంపమంటావా?"

"కట్ట తెగితే?"

"నాలుగు వందల మంది ఉంటే మరమ్మతు అడిగే హక్కు వస్తుంది. మేం మూడు వందల తొంభై ఆరు. తలలు నిండాక అడుగుతాను. అప్పుడు వదిలెయ్యలేరు."

నాకు గడప దగ్గర గిన్నెలు గుర్తొచ్చాయి. నా మొహంలో కనబడినట్టుంది.

"మొదటి రోజు అన్నం తెచ్చింది మీ సంతకాల కోసమే" అంది హాసిని. "తర్వాత తెచ్చినవి అందుకు కాదు."

13వ రోజు

వదినకి చెప్పాను. కట్ట, ఊట, ఇసక, అన్నీ. ఆవిడ రొయ్యలు ఒలవడం ఆపలేదు.

"నగరానికి వెళ్ళిపోదాం" అన్నాను. "వేరే ఊరు చూద్దాం."

"వేరే ఊరికి వరస నాలుగేళ్ళు. అంతదాకా పెద్దల అంతస్తు. నాకక్కడ రెండేళ్ళు." తలెత్తి చూసింది. "నాకు తెలియదనుకున్నావా?"

డాక్టరు ఆవిడకీ విడిగా చెప్పాడన్నమాట.

"నేను పదో రోజునే సంతకం పెట్టేశానే" అంది.

"నన్ను అడక్కుండా?"

"నిన్నడిగితే లెక్క వేస్తావు. నువ్వు లెక్క వేస్తే ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. అందుకే అడగలేదు."

కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఆవిడ మందులు, ఆవిడ దిళ్ళు, ఆవిడ ఊపిరి లెక్కపెట్టుకుంటూ బతికాను. ఇప్పుడు నేను వెళితే ఒక్కదాన్నే వెళ్ళాలి. ఉంటే ఈ కట్ట కింద ఉండాలి. కట్ట నిలిచినా వదిన ఎల్లకాలం ఉండదు. ఆ తర్వాత నగరంలో మంచం లేక, ఇక్కడ మనిషి లేక నా గతేంటి? ఇది ఏ వైపున రాయాలో తెలియలేదు. చెడు కింద రాశాను. తర్వాత కొట్టేశాను.

18వ రోజు

పున్నమి దాటి ఆరు రోజులైంది. పోటు తగ్గింది. ఊట తగ్గాలి. తగ్గలేదు. పైగా మూడు గజాల దూరంలో రెండో బుగ్గ పడింది.

అన్నం సయించడం లేదు. కుళాయి వరసలో నిలబడి ముందున్న వాళ్ళ ఇళ్ళు లెక్కపెడుతున్నాను. ఈవిడది మొదటి వీధి. ఈయనది రెండో వీధి, కాలు లేదు. ఈవిడ ఇంట్లో మంచం పట్టిన తల్లి. కట్ట తెగితే మొదటి వీధికి నీళ్ళు రావడానికి రెండు నిమిషాలు. కాలు లేని ఆయన రెండు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళగలడు?

ఆయనే నా బిందె ఎత్తి నడుముకి పెట్టాడు. "ఏంటమ్మా, అలా చూస్తున్నారు?" అని నవ్వాడు.

20వ రోజు

తీరం శాఖకి రిపోర్టు రాశాను. పదిహేను రోజుల కొలతలు పెట్టాను. పంపే ముందు హాసిని ఇంటికి వెళ్ళాను. చేపలు ఎండబెడుతోంది.

"పంపిస్తున్నాను" అన్నాను. "నీకు చెప్పకుండా పంపడం ఇష్టంలేక వచ్చాను."

"చెప్పి పంపితే తేడా ఏంటి?"

"నాకు తేడా."

"నాకేం లేదు" అంది. చేపల్ని ఒక్కొక్కటే తిప్పుతూనే ఉంది. "వచ్చేది అమావాస్య పోటు. వాళ్ళు ఈలోగా వస్తారనుకుంటున్నావా? మా నాన్న రాసినప్పుడు నలభై రోజులకి వచ్చారు."

పంపాను.

22వ రోజు

గడప దగ్గర గిన్నెలు లేవు. కుళాయి దగ్గర నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. నా ముందున్నావిడ బిందె తీసుకుని వరస చివరికి వెళ్ళి నిలబడింది.

వదిన ఇంట్లో నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా ఇవాళ నా వెనకే కుళాయి దగ్గరికి వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. నా పక్కన నిలబడింది, నీళ్ళు పట్టేదాకా.

24వ రోజు

జవాబు వచ్చింది. ఇరవై తొమ్మిదో రోజున బృందం వస్తుందట. ఈలోగా కట్టని గమనిస్తూ ఉండమని సలహా.

అమావాస్య ఇరవై ఏడో రోజున.

బుగ్గలు నాలుగయ్యాయి. మొదటి దాంట్లో నా పిడికిలి పడుతుంది. గ్లాసులో అరంగుళం ఇసక.

ఇంటింటికీ వెళ్ళాను. అమావాస్య పొద్దున వెనక వీధుల వైపు వెళ్ళిపోండి, చేతనైన వాళ్ళు ఇసక సంచులతో రండి అని చెప్పాను. పదకొండు ఇళ్ళలో తలుపు తియ్యలేదు. ఒక ఇంట్లో తీసి, "మా ఊరి మీద రాసిందానివి నువ్వేగా" అని వేసేశారు.

వదిన ఇదంతా మెట్ల మీంచి చూసింది. నేను లోపలికొచ్చి కూలబడితే, "సంచులు ఎన్ని కావాలి?" అని అడిగింది.

"రెండు వందలు."

"నిండా ఇసక పోయాలా?"

"ముప్పాతిక చాలు."

చెప్పులేసుకుని వలల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

26వ రోజు

పాత వలలు మడతపెట్టి కుట్టిన సంచులు నూట అరవై. వలల దగ్గర కూచునే ఆడవాళ్ళు రెండు రోజులు కుట్టారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. సంచులు మాత్రం తెచ్చి కట్ట కింద పేర్చారు. చివర్న హాసిని బండితో ఇసక తోలుకొచ్చి పోసింది. నన్ను చూడలేదు.

27వ రోజు, అమావాస్య

ఎనిమిదికే బుగ్గ కుండమూతి అంత అయింది. నీళ్ళు బూడిద రంగులో, మోకాలెత్తు ఎగిసి పడుతున్నాయి. పోటు తిరగడానికి ఇంకా గంటన్నర.

ముసలివాళ్ళనీ మంచం పట్టిన వాళ్ళనీ వెనక వీధికి చేర్చారు. కాలు లేని ఆయన వెళ్ళనన్నాడు. కట్ట కింద నలభై మంది ఉన్నాం. ఇద్దరు మనుషులు సంచి ఎత్తి బుగ్గ నోట్లో కుక్కబోయారు.

"వద్దు" అని అరిచాను. "నోరు మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. ఈసారి కట్ట మధ్యలోంచి వస్తుంది. చుట్టూ పేర్చండి, బావి ఒరలాగా. నీళ్ళు లోపల నిలబడాలి."

వాళ్ళు హాసిని వైపు చూశారు. నా మాట మీద ఎందుకు నమ్మకం ఉంటుంది? వాళ్ళ కళ్ళముందు ఊరు ఊడ్చుకుపోయేలా ఉంటే బుగ్గ మూయొద్దని చెబుతున్నాను.

హాసిని బుగ్గ చూసింది, నన్ను చూసింది. "మూయకపోతే నీళ్ళెలా ఆగుతాయి?"

"నీళ్ళని ఆపొద్దు. ఇసకని ఆపాలి. లోపల నీళ్ళు ఎత్తుకి నిలబడితే ఆ బరువే కిందనుంచి వచ్చేదాన్ని అణుస్తుంది. ఒత్తిడి తగ్గితే ఇసక లేవదు."

"చేసి చూశావా ఎప్పుడైనా?"

"రెండుసార్లు. ఒకసారి నిలబడింది."

ఎందుకు అబద్ధం చెప్పలేదో తెలియదు. హాసిని తనే సంచి ఎత్తి నేను చూపించిన చోట, బుగ్గకి రెండు గజాల దూరంలో వేసింది. అది చూసి మిగతావాళ్ళు కదిలారు.

వరసగా నిలబడి సంచులు అందించుకున్నాం. వదినని వెళ్ళిపొమ్మన్నాను. వినలేదు. వరసలో నా పక్కనే ఉంది, ఊపిరి ఎగపోస్తోంది, చేతులు మాత్రం ఆగలేదు. మొదటి వరస, రెండోది, మూడోది. ఒరలోపల నీళ్ళు మడమల దాకా, పిక్కల దాకా వచ్చాయి. రంగు మారలేదు. కట్ట మీద నిలబడ్డ మనిషి సముద్రం ఇంకా పెరుగుతోందని చెబుతున్నాడు.

నాలుగో వరస సగంలో ఉండగా కాలికింద నేల అదిరింది. ఇక అయిపోయింది అనుకున్నాను. వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పక్కనున్న చిన్న బుగ్గ ఒకటి ఉబ్బి పగిలింది. హాసినీ ఇంకో ముగ్గురూ చెప్పకుండానే దాని చుట్టూ పేర్చడం మొదలుపెట్టారు.

తొమ్మిది దాటాక ఒరలో నీళ్ళు మోకాలి పైకి వచ్చాయి. ఎగిసిపడటం తగ్గింది. నేను చెయ్యి పెట్టి అడుగు తడిమాను. వేళ్ళకి ఇసక తగులుతోంది గానీ లేవడం లేదు. ఇంకాసేపటికి నా గోళ్ళు కనబడ్డాయి, నీళ్ళలోంచి.

తొమ్మిదీ నలభైకి కట్ట మీద మనిషి, "తిరిగింది" అన్నాడు. ఎవరూ అరవలేదు. ఎక్కడి వాళ్ళక్కడ కూచుండిపోయారు. వదిన తడి మట్టిలో వెల్లకిలా పడుకుంది. గుండెలు ఎగసిపడుతున్నాయి. పక్కన కూచుని అవి నెమ్మదించేదాకా చూస్తూ ఉన్నాను.

29వ రోజు

బృందం వచ్చింది. ఇద్దరు ఇంజనీర్లు. చక్రాల పెట్టె ఒకటి కట్ట పొడుగునా లాగి లోపల చూశారు. నలభై అడుగుల పొడవున కట్ట కడుపు ఖాళీ అట. సంచుల ఒర చుట్టూ తిరిగి వాళ్ళలో పెద్దావిడ, "ఇది లేకపోతే మాకిక్కడ చూడ్డానికేం ఉండేది కాదు" అంది.

సాయంత్రం తీర్పు చెప్పారు. మొదటి రెండు వీధులు, నలభై ఒక్క ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. వాటి వెనక కొత్త కట్ట వేస్తారు. ఊరికి ఐదేళ్ళు. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తారు. వదిలెయ్యాల్సిన ఊరు అన్న ముద్ర కొట్టలేదు. అలాగని కొట్టమనీ చెప్పలేదు.

హాసిని ఇల్లు మొదటి వీధిలో మొదటిది.

"ఐదేళ్ళ తర్వాతో?" అని ఎవరో అడిగారు. ఆ ఇంజనీరు పెద్దావిడ పెట్టె సర్దుకుంటూ, "నాకు తెలియదు" అంది. అధికారులు అంత మాట ఒప్పుకోవడం నేను చూడటం తక్కువ.

ఇంటికొచ్చాక వదిన అంది, "నాకు ఐదేళ్ళు చాలా ఎక్కువ. నీ సంగతి నువ్వు చూసుకో. నా కోసమని ఉండకు. రేపు బస్సెక్కినా నేనేమీ అనుకోను."

30వ రోజు

ఫారం ముందు పెట్టుకుని కూచున్నాను. చెడు కింద చోటు చాలలేదు. ఉప్పు, తడి, నీళ్ళ కుళాయి, ఐదేళ్ళు, ఆ తర్వాత దిక్కు లేకపోవడం, వాన పడితే ఉలిక్కిపడటం. మంచి కింద రెండే ఉన్నాయి. వదిన పడుకుని నిద్రపోతోంది. ఇక్కడి ఊట చూసే మనిషి ఇంకొకరు లేరు. పెద్దల అంతస్తులో నేను క్షేమంగా పడుకుని, రోజూ పోటు వేళకి ఇక్కడేమైందో అని చచ్చిపోతూ బతకాలి. అది క్షేమమేనా? భయం పోలేదు. ఏడింటికి ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. వదినకి ఇంకా చెప్పలేదు. నిద్రలో ఉంది.

ఎనిమిదింటికి తలుపు దగ్గర చప్పుడైంది. హాసిని, వెనక తోపుడు బండి మీద ఒక ఇనప బీరువా, రెండు మూటలు.

"నువ్వు సాయంత్రం బస్సెక్కుతావని మీ వదిన క్వార్టర్లో నన్ను వేశారు" అంది. నా మొహం చూడకుండానే చెప్పింది.

"నేను ఎక్కట్లేదు."

ఇప్పుడు చూసింది. "నీ రిపోర్టు వల్ల నా ఇల్లు పోయింది. అది నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు."

"మరి ఇప్పుడు నేనెక్కడికి పోను?"

"రెండు గదులున్నాయి. ముగ్గురం."

లోపల్నుంచి వదిన నిద్రగొంతుతో, "ఎవరే అది?" అంది. హాసిని బీరువాకి ఒకవైపు చేతులేసింది. నేను రెండో వైపు పట్టుకున్నాను. చాలా బరువుంది. గడప దాటించి ముందు గదిలో దించాం.

"ఏ గోడకి పెట్టను?" అని అడిగింది.

గోడల మీద అరచెయ్యి పెట్టి చూశాను. తూర్పు గోడ చెమ్మగా ఉంది.

"దీనికొద్దు" అన్నాను. "ఇటు పెట్టు."